మన ఫైలే మన మీద సాక్ష్యం కాకూడదు



పోడు భూమిలో పంట పీకేస్తున్నారనుకోండి. ఒక చెల్లి గట్టు మీద నిలబడి ఫోన్‌లో వీడియో తీసింది. కాసేపట్లో అది పది గ్రూపుల్లోకి పోతుంది. మనమంతా షేర్ చేస్తాం. మంచిదే. కానీ ఆ చెల్లి రేపు కూడా అదే ఊళ్లో ఉండాలి, అదే అడవికి పోవాలి, అదే ఆఫీసు ముందు నిలబడాలి. ఫైలు ఊరు దాటాలి, ఆమె పేరు దాటకూడదు. ఈ రోజు నేను మాట్లాడేది దాని గురించే.

ముందు ఫోటో సంగతి. ఫోన్‌తో తీసిన ఫోటోలో మన కంటికి కనపడని చీటీ ఒకటి ఉంటుంది. ఏ రోజు, ఏ టైముకు, ఏ మోడల్ ఫోన్‌తో తీశారో అందులో ఉంటుంది. కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే ఎక్కడ నిలబడి తీశారో కూడా ఉంటుంది. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే ఆ వివరాలు చాలావరకు పోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే చీటీ మొత్తం అవతలివాళ్లకు చేరుతుంది. క్లారిటీ బాగుంటుందని మనలో చాలామంది అలాగే పంపుతారు. జాగ్రత్త.

మరి ఆ వివరాలు తుడిచేస్తే అయిపోయిందా? ఇక్కడే చిక్కు. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 4(5) ప్రకారం, హక్కుల గుర్తింపు, పరిశీలన పూర్తయ్యేదాకా సాగులో ఉన్నవాళ్లను ఖాళీ చేయించకూడదు. ఖాళీ చేయించారని కోర్టులో చూపించాలంటే ఆ తేదీ, ఆ చోటే మనకు బలం. అందుకే రెండు కాపీలు పెట్టుకోండి. అసలు ఫైలును ఏమీ మార్చకుండా మెమరీ కార్డులో వేసి, నమ్మకమైనవాళ్ల దగ్గరో వకీలు దగ్గరో దాచండి. బయటికి పంపేది రెండో కాపీ. అందులో లొకేషన్ తీసేయండి, ముఖాలు మసక చేయండి. సిగ్నల్ యాప్‌లో ముఖాలు మసక చేసే సౌకర్యం ఉంది. వీడియో అయితే గొంతు కూడా మనిషిని పట్టిస్తుంది, మర్చిపోవద్దు.

ఇక పంపడం. టవర్ అందని గూడేల్లో మెమరీ కార్డు, ఓటీజీ పెన్‌డ్రైవ్ చేతికి చేతికి మారడమే మంచి దారి. నెట్‌లో దాని జాడే ఉండదు. నెట్‌లో పంపాల్సి వస్తే సిగ్నల్ వాడండి, మెసేజ్‌లు వాటంతటవే చెరిగిపోయేలా పెట్టండి. వాట్సాప్‌లో కూడా మాటలు దారిలో ఎవరూ చదవలేరు. కానీ ఎవరు ఎవరితో ఎప్పుడు మాట్లాడారో కంపెనీకి తెలుస్తుంది. బ్యాకప్‌కు ఎన్‌క్రిప్షన్ మీరే ఆన్ చేసుకోవాలి.

వీడియోలు చూడడం సంగతి చూద్దాం. ఇంటికంతా ఒకే ఫోను, అందులో ఒకే జీమెయిల్. ఎవరు ఏం చూసినా యూట్యూబ్ హిస్టరీలో చేరుతుంది. సెట్టింగ్స్‌లో దాన్ని ఆపేయొచ్చు. ఇన్‌కాగ్నిటోలో చూస్తే ఫోన్‌లో హిస్టరీ మిగలదు, అంతే. సిమ్ కంపెనీకి మీరు ఏ సైట్‌కి పోయారో తెలుస్తూనే ఉంటుంది. వీపీఎన్ పెడితే ఆ సంగతి వీపీఎన్ కంపెనీ చేతికి పోతుంది. 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం, వీపీఎన్ కంపెనీలు వాడేవాళ్ల వివరాలు 5 ఏళ్లు ఉంచాలి. ఫ్రీ వీపీఎన్‌ని గుడ్డిగా నమ్మొద్దు. టోర్ బ్రౌజర్ మీ దారిని మూడు కంప్యూటర్ల మీదుగా తిప్పుతుంది. వీడియో నెమ్మదిగా వస్తుంది గానీ జాడ పట్టడం కష్టం. అందులోకి పోయి మళ్లీ మీ జీమెయిల్‌తో లాగిన్ అయితే మాత్రం అంతా వృథా.

పంపే ఫైలు ఒక్కటే కాదు, వచ్చే ఫైలు కూడా ప్రమాదమే. భీమా కోరేగావ్ కేసు గుర్తుందా? రోనా విల్సన్ ల్యాప్‌టాప్‌లోకి ఈమెయిల్‌లో వచ్చిన ఫైలు ద్వారా వైరస్ చొరబడిందనీ, తర్వాత అందులో ఉత్తరాలు పెట్టారనీ అమెరికాకు చెందిన ఆర్సెనల్ కన్సల్టింగ్ 2021లో చెప్పింది. జార్ఖండ్ ఆదివాసుల కోసం పనిచేసిన స్టాన్ స్వామి కంప్యూటర్‌లోనూ అలాగే జరిగిందని 2022లో చెప్పింది. ఎన్‌ఐఏ దీన్ని ఒప్పుకోలేదు. స్టాన్ స్వామి బెయిల్ రాకుండానే 2021 జూలై 5న, 84 ఏళ్ల వయసులో కన్నుమూశారు. కాబట్టి తెలిసినవాళ్ల పేరుతో వచ్చిన ఫైలైనా సరే, ఫోన్ చేసి అడిగాకే తెరవండి.

ఇదంతా దొంగచాటు పని అని ఎవరైనా అంటే, 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు 9 మంది జడ్జీల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని తేల్చిందని చెప్పండి.

చివరిగా ఒక్క మాట. పేరు చెప్పాల్సిన చోట దాచుకోవద్దు. గ్రామసభలో తీర్మానం మీద సంతకం పెట్టాలి, క్లెయిమ్ ఫారంలో పేరు రాయాలి. అక్కడ మన పేరే మన హక్కు. ఎక్కడ చెప్పాలో, ఎక్కడ చెప్పకూడదో తేల్చుకోవాల్సింది మనం, మన ఫోను కాదు. ఈ రాత్రికే కెమెరా లొకేషన్ ఆఫ్ చేసి, పక్కింటి తమ్ముడికి, చెల్లికి కూడా నేర్పండి.

జల్, జంగల్, జమీన్ మనవే. జోహార్!