ఆయ్ అన్నంత మాత్రాన



ఇవాళ వ్యవసాయ పట్టాలు అందుకున్న మీలో కొందరు రేపు మా కోనసీమలో కొత్తపేటకో రాజోలుకో ఉద్యోగానికి వస్తారు. రైతుల మీటింగు పెడతారు. "పంట బీమా ఉంది, తెలుసాండీ?" అంటే "ఆయ్" అంటారు. "ముంపును తట్టుకునే వరి వచ్చింది, విన్నారా?" అంటే "ఆయ్". ఆ పూట ఇంతమందికి అవగాహన కలిగిందని మీరు రిజిస్టర్లో రాసేస్తారు. నేనూ అలా చాలా పేజీలు నింపినవాణ్ణే. మా కోనసీమ "ఆయ్"లో మర్యాద నిండుగా ఉంటుంది. అర్థమైందన్న హామీ మాత్రం ఉండదు.

ఆ ముంపు వరి సంగతే చూడండి. 1982లో మార్టేరు వరి పరిశోధన కేంద్రం ఇచ్చిన స్వర్ణ మనకు ఇంటి గింజ. దానికే మునకను ఓర్చుకునే జన్యువు చేర్చిన స్వర్ణ సబ్-1 2009లో విడుదలైంది. పిలకల దశలో రెండు వారాలు నీట మునిగినా తేరుకుంటుంది. మంచిదే. కానీ సార్వాలో, అంటే ఖరీఫ్‌లో, మనల్ని ముంచేది ఎక్కువగా కంకి బరువెక్కాక వచ్చే తుఫాను. 1996 నవంబరు 6న వచ్చిందీ అలాంటిదే. పండి పడిపోయిన చేనును ఆ జన్యువు లేపి నిలబెట్టలేదు. ఈ రెండో సగం చెప్పకపోతే రైతు విన్నది సగమే.

అందుకే ముందుగా నారు పోసి, తుఫానుల కాలానికి ముందే కోసుకోమంటాం. సరే. మరి మురుగు కాలువ పూడిపోయి, తొలి వానకే ఆకుమడి చెరువైతే? 2011లో కోనసీమ రైతులు సార్వా మానేసి పంట విరామం ప్రకటించినప్పుడు, గిట్టుబాటు ధర, కూలి ఖర్చులతో పాటు ఈ మురుగు బాధ కూడా చెప్పారు. వాళ్లకు తెలియక కాదు. తెలిసే మానేశారు.

ఇక కౌలు రైతు. మీటింగుకు అందరికన్నా ముందొచ్చి ముందు వరసలో కూర్చునేది తరచూ అతనే. 2019 చట్టం ప్రకారం సాగుదారు కార్డు రావాలంటే భూమి యజమాని సంతకం కావాలి. ఆయనేమో హైదరాబాదులో ఉంటాడు, లేదా సంతకం పెడితే భూమి పోతుందని భయపడతాడు. పథకం పేరు, గడువు, కావలసిన కాగితాలు అన్నీ అప్పజెప్పగలిగిన కౌలుదారుకు ఆ ఒక్క కాగితమే ఉండదు. అతనికి ఇంకో కరపత్రం ఇచ్చి ఏం లాభం? యజమానికి ఫోను చేయండి. అది మీ విధుల్లో రాసి ఉండదు. అయినా చేయండి.

మీటింగు అయ్యాక వెంటనే బండెక్కకండి. "మీ చేలో నీళ్లు ఎక్కడ ఆగుతాయండీ?" అని రైతులను అడగండి. దానికి "ఆయ్" అని ఊరుకోరు. గట్టు మీదకు తీసుకెళ్లి చూపిస్తారు, తూము చూపిస్తారు, కొబ్బరి బొండం కొట్టిస్తారు, మళ్లీ మొదటినుంచి చెబుతారు. ఆఖరి బస్సు ఎన్నింటికో ముందే కనుక్కుని వెళ్లండి.