కొండ నుంచి కడలి దాకా ఒకే మండలి

ఒక ఏరు నాలుగు ఊళ్ల మీదుగా పారుతుంది. పై ఊరు ఎక్కువ తోడుకుంటే కింది ఊరికి నీరందదు. మరి ఆ ఏటి బాధ్యత ఎవరిది?

న్యూజిలాండ్‌లో అది ప్రాంతీయ మండలిది. 1989లో ఈ మండళ్ల హద్దులను చాలావరకు నదీ పరీవాహక ప్రాంతాలను బట్టి గీశారు. అంటే కొండమీద పడ్డ చినుకు సముద్రంలో కలిసేదాకా ఒకే మండలి చూసుకుంటుంది. ఎంత మంచి ఆలోచన! కాలువ చివరి భూముల రైతులకు దీని విలువ నేను చెప్పనక్కర్లేదు.

పెద్ద ఎత్తున సేద్యానికి నీళ్లు తోడాలంటే మండలి అనుమతి కావాలి. ఎంత తోడారో మీటరు చెబుతుంది. నది బాగా తగ్గితే, తోడడం తగ్గించాలి, లేదా ఆపాలి.

ఇక వాన సంగతి. వాతావరణ సూచన ఇచ్చేది జాతీయ సంస్థ. ఆ వానకు ఏ నది ఎంత పొంగుతుందో లెక్కగట్టేది మాత్రం మండలి. వానమాపకాలు, నీటిమట్టం కొలిచే పరికరాలు రాత్రింబవళ్లు సమాచారం పంపుతూనే ఉంటాయి. కరకట్టల బాగోగులూ మండలివే. గాలి నాణ్యత, తీరప్రాంతం, అడవి పక్షులను తినేసే పోసమ్‌లనే జంతువుల, ఎలుకల అదుపు కూడా.

అయినా ప్రకృతిది పైచేయి కావచ్చు. 2023 ఫిబ్రవరిలో గాబ్రియెల్ తుపాను హాక్స్ బే ప్రాంతాన్ని ముంచెత్తింది. కరకట్టలు తెగాయి. కొన్ని కొలత కేంద్రాలు సరిగ్గా అవసరమైన వేళే మూగబోయాయి.

ఒక్కమాట గుర్తుంచుకోండి: ఏరంతటికీ ఒకే మండలి. ఆ మండలి సభ్యులను మూడేళ్లకోసారి ఓటేసి ఎన్నుకునేది ఆ ఏటిగట్టు జనమే.