ముల్లు గుచ్చుకుంటే

చేలో పని చేస్తుంటే కాలికి ముల్లు గుచ్చుకుంది. లాగి పారేశాం, మర్చిపోయాం. వారం పది రోజులకు దవడలు బిగుసుకున్నాయి. నోరు తెరుచుకోదు. అదే ధనుర్వాతం.

దీన్ని తెచ్చే బాక్టీరియా మట్టిలో, పేడలో ఉంటుంది. తుప్పు మేకు వల్లే వస్తుందని మనవాళ్లకో నమ్మకం. తప్పు తుప్పుది కాదు, మేకుకి అంటిన మట్టిది. బాక్టీరియా గాయం దాటి పెద్దగా కదలదు. కదిలేది అది వదిలే విషం. నరాల వెంట వెన్నుపాము చేరుతుంది. కండరాలు అదేపనిగా బిగుసుకోకుండా ‘ఇక చాలు’ అని చెప్పే సంకేతాలు అక్కడుంటాయి. విషం వాటి నోరు నొక్కేస్తుంది. ఇక బిగిసిన కండరం బిగిసినట్టే. ఒళ్లు విల్లులా వంగుతుంది. ధనుస్సంటే విల్లే కదా!

ఇంకో విచిత్రం. ఈ జబ్బు ఒకసారి వచ్చి తగ్గినా మళ్లీ రావచ్చు. ప్రాణం తీయడానికి చాలే విషం కూడా, ఒంటికి రక్షణ నేర్పడానికి చాలదు. ఆ రక్షణ నేర్పేది టీకా. అందులో ఉండేది కోరలు పీకిన అదే విషం.

గాయాన్ని సబ్బుతో, నీళ్లతో బాగా కడగండి. చివరి టీకా ఎప్పుడు వేయించుకున్నారో గుర్తులేదా? దగ్గర్లోని ఆరోగ్య కేంద్రంలో అడగండి.