తవ్వకమునకు అవభృథము



శ్రౌతకర్మలలో అవభృథమని ఒకటి కలదు. సోమయాగము చివర యజమానుడు పత్నీసమేతుడై నీటిలో స్నానము చేయును. సోమము తగిలిన పాత్రలను, పిండగా మిగిలిన పిప్పిని ఆ నీటికే అప్పగింతురు. అంతవరకు దీక్ష తీరదు. ఎంత హవిస్సు వేల్చినను క్రతువు పూర్తియైనదని మేము చెప్పము.

కృష్ణాతీరమున, నాగార్జునకొండ లోయలో, మెట్లు గల ఇటుకల కొలను ఒకటి తవ్వకములలో బయటపడినది. అది అశ్వమేధమునకు సంబంధించిన అవభృథస్థలమని పురావస్తు పండితులు గుర్తించిరి. మేము పాఠశాలలో నోటితో వల్లించినది అచ్చట ఇటుకలలో నున్నది! క్రీస్తుశకము 3వ శతాబ్దమున ఆ విజయపురిని ఏలిన ఇక్ష్వాకు ప్రభువు వాసిష్ఠీపుత్ర శ్రీశాంతమూలుడు అగ్నిష్టోమ వాజపేయాశ్వమేధములు చేసెనని ప్రాకృత శాసనములు చెప్పుచున్నవి. ఆ మాట చెక్కియున్నది బౌద్ధుల మహాచైత్యపు స్తంభములమీద. ఆ చైత్యమునకు దాత, రాజు తోబుట్టువైన శాంతిశ్రీ. ఒకే ఇంట రెండు మార్గములు కలహింపక మెలగినవని మనకు తెలియుటకు ఆ రాళ్లే ఆధారము.

నాగార్జునసాగరము నిర్మింపవలసి వచ్చినప్పుడు, 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యంగారి నాయకత్వమున ఆ లోయను తవ్విరి. చేలకు నీరు కావలెను. దానికి మేము వంక పెట్టము. కొన్ని కట్టడములను విప్పి కొండమీదను, అనుపు వద్దను మరల నిలిపిరి. ఆ కొండ నేడు ద్వీపము. తక్కినది జలాశయపు అడుగున నున్నది.

స్థలమే మునిగినప్పుడు ఇక మిగిలినది గ్రంథము. ఆ తవ్వకముల నివేదికలో మొదటి సంపుటము 1975లో వచ్చినది. ఇక్ష్వాకుల కాలము నాటి సంగతులు గల రెండవ సంపుటము 2006లో గాని రాలేదు. తవ్వకము ముగిసిన 46 ఏండ్లకు! ఎండలో చేసిన వారి శ్రమకు నమస్కరింతుము. కాని తీసిన మట్టిపొరను ఎవరును మరల పరచలేరు. వ్రాసి అచ్చొత్తించుటయే తవ్వకమునకు అవభృథము. అది జరుగనిచో దీక్ష తీరనట్లే.

ఇది ప్రభుత్వశాఖల మాట గదా, ధర్మకర్తలకేమి పని యందురేమో. జీర్ణోద్ధారణ పేర మనము చేయునదియు తవ్వకమే. పాత మంటపము విప్పుదురు. శాసనపు రాయి తిరగబడి మెట్టుగా మారును. ఇసుక చిమ్మి గోడను మెరిపింతురు. ఏడెనిమిది వందల ఏండ్లు నిలిచిన అక్షరము ఒక పూటలో రాలిపోవును. ముహూర్తము కుదరలేదని నాలుగు నెలలు ఆగువారు, శాసనము చదివించుటకు నాలుగు దినములు ఆగలేరా?

కావున మేస్త్రి గునపము వేయకముందే పురావస్తుశాఖకు జాబు వ్రాయుడు. ప్రతి రాతికిని అంకె వేయించి, ఛాయాచిత్రము తీయించుడు. శాసనమున్నచో కాగితముపై అచ్చు తీయించుడు. నేలలో పది రూపాయలకు మించిన నిధి దొరకినచో కలెక్టరుకు తెలుపవలెనని 1878 నాటి చట్టమే చెప్పుచున్నది. హుండీలో వేసి ఊరకుండరాదు. ఏ రాయి ఎచ్చట నుండి తీసి ఎచ్చట పెట్టితిరో ఒక పుస్తకమున వ్రాసి, ఒక ప్రతిని ఆలయపు ఆస్తుల పట్టికతో నుంచి, రెండవది ఆ శాఖకు పంపుడు.