తంగేడా? ఎర్రచందనమా?
(రజతోత్సవ సభలో గావించిన ఉపన్యాసము)



గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన శుభదినమున ఆవరణలో మొక్క నాటుట మంచి ఆచారము. అయితే కర్నూలు, కడప సీమలలో తొలకరికి నాటిన మొక్కలలో మరుసటి వేసవి దాటి నిలుచునవి కొన్నియే. తక్కినవానికి గుర్తుగా ఒక ఎండుపుల్లయు, దానిచుట్టు ముళ్లకంపయు మిగులును. ఇది నాటినవారి అశ్రద్ధ వలననే జరుగునని చెప్పరాదు. ఈ నేల నెరుగని మొక్కను తెచ్చి, ఈ ఎండకు అప్పగించుటయు ఒక కారణమే.

కనుక ఈ సీమలోనే పుట్టి, ఈ ఎండలోనే పెరుగు రెండు మొక్కలను పోల్చి చూచుట ప్రయోజనకరము. ఒకటి పొద, తంగేడు. రెండవది వృక్షము, ఎర్రచందనము. ఇంటిముంగిట గాని, బడి ఆవరణలో గాని, గ్రంథాలయ ప్రాంగణమున గాని నాటుటకు వీనిలో ఏది తగును?

మొదట నేల సంగతి. ఈ రెండు సీమలలో ఏడాదికి సగటున సుమారు 600 నుండి 700 మిల్లీమీటర్ల వర్షము కురియును. అదియు కొలది దినములలో కురిసి, వాగులలో పారిపోవును. కుందూ లోయలో నల్లరేగడి, కొండల అంచున ఎర్రనేల, గులకనేల, కొన్నిచోట్ల మూరెడు లోతుననే నాపరాయి. వేసవిలో బావులలో నీరు అడుగంటినపుడు మనుష్యులకును పశువులకును చాలిన తరువాతనే చెట్టుకు బిందెడు నీరు దక్కును. కావున ఏ మొక్కకైనను ఇచ్చట మొదటి పరీక్ష నీటిదే.

తంగేడు ఆ పరీక్షలో ఎన్నడో నెగ్గినది. గట్టులపైన, బాటల ప్రక్కన, బీడులలో ఎవరును నాటకయే, ఎవరును నీరు పోయకయే అది పెరుగును. శాస్త్రజ్ఞులు దీనిని పూర్వము కాసియా ఆరిక్యులేటా అనిరి. ఇప్పుడు సెన్నా ఆరిక్యులేటా అనుచున్నారు. సాధారణముగా నడుమెత్తు మొదలు మనిషియెత్తు వరకు పెరుగును. తక్కిన పొదలు వాడిపోయిన కాలమునను దీని ఆకు పచ్చగానుండును. వర్షములు పడిన పిమ్మట బంగారు వన్నె పూలు గుత్తులుగుత్తులుగా విచ్చుకొనును. ఆ పూవులలో తేనె లేదు. ఉన్నది పుప్పొడి మాత్రమే. పెద్ద తుమ్మెదలు వచ్చి పూవును పట్టుకొని ఝుమ్మని అదరగొట్టి ఆ పుప్పొడిని రాల్చుకొనును.

ఈ పొదకు గల చరిత్ర సామాన్యమైనది కాదు. దీని బెరడులో తోలును పదునుచేయు గుణము మెండు. పూర్వపు మద్రాసు రాజధానిలో తోళ్లను ఊనువారికి తంగేడు చెక్కయే ముఖ్యమైన సరుకు. ఆ విధముగా పదును చేసిన తోళ్లు సముద్రములు దాటి విదేశములకు ఎగుమతియైనవి. ఇరువదవ శతాబ్దమున దక్షిణాఫ్రికానుండి వాటిల్ అను తుమ్మజాతి చెట్టు బెరడు దిగుమతియై దీనితో పోటీకి వచ్చినది. రైతులు తంగేడు కొమ్మలను మడిలో త్రొక్కి పచ్చిరొట్ట యెరువుగా వాడిరి. పుల్లతో పండ్లు తోముకొనిరి. నాటువైద్యులు పూలను, గింజలను మధుమేహమునకు మందుగా నిచ్చుట కలదు. తెలంగాణములో బతుకమ్మకు తంగేడు పూవు ప్రధానము. 2014లో ఆ రాష్ట్రము దానిని రాష్ట్రపుష్పముగా ప్రకటించినది. రాయలసీమలో మాత్రము అది ఇంకను గట్టుమీది పొదగానే మిగిలియున్నది.

ఇక ఎర్రచందనము. శేషాచలము, పాలకొండలు, లంకమల, వెలికొండలు, నల్లమల దక్షిణపు అంచులు దీని పుట్టినిల్లు. తూర్పు కనుమల దక్షిణభాగమున తప్ప ప్రపంచమున మరెక్కడను ఇది సహజముగా పెరుగదు. శాస్త్రనామము టెరోకార్పస్ శాంటలైనస్. ముదురు చెట్టు బెరడు మొసలిచర్మమువలె పలకలుపలకలుగా పగిలియుండును. గాటు పెట్టిన ఎర్రని రసము స్రవించును. పేరు చందనమే యైనను దీనికి శ్రీగంధమువలె పరిమళము లేదు; దీని విలువ చేవలోని ఎరుపునందే యున్నది. ఆ చేవకు చైనా, జపాను దేశములలో గృహోపకరణములకును, వాద్యములకును మిక్కిలి గిరాకీ.

ఆ గిరాకీయే చెట్టుకు శత్రువైనది. దొంగతనముగా నరికి తరలించుట పెచ్చుపెరుగగా, 1995లో ఈ వృక్షమును అంతర్జాతీయ వన్యజీవ వాణిజ్య ఒప్పందపు రెండవ అనుబంధములో చేర్చిరి. పట్టా భూమిలో స్వయముగా పెంచుకొన్న చెట్టునైనను నరుకుటకును, తరలించుటకును అటవీశాఖ అనుమతి కావలెను. లాభమునాశించి పెరటిలో నాటువారు ఈ సంగతిని ముందే తెలిసికొనుట మేలు.

ఇప్పుడు రెండింటిని ప్రక్కప్రక్కన నిలుపుదము.

కాలము మాట. తంగేడు రెండు మూడేండ్లలో పూయును. నాటిన చేతులే ఆ పూలను కోయును. ఎర్రచందనము మిక్కిలి మెల్లగా పెరుగును. చేవ కట్టుటకు దశాబ్దములు పట్టును. గ్రంథాలయము స్థాపించిన నాడే దానిని నాటియున్నను, ఈ రజతోత్సవము నాటికి అది ఇంకను యౌవనములోనే యుండెడిది.

నీడ మాట. పెద్దచెట్టు గనుక ఎర్రచందనము నీడనిచ్చునని పలువురు తలంతురు. అది ఆకురాల్చు జాతి. వేసవి ముంగిట, నీడ కావలసిన వేళకే కొమ్మలు బోడివగును. తంగేడు ఎటులను నీడనిచ్చునది కాదు. నీడయే ముఖ్యమైనచో వేపను నాటుకొనుట ఉత్తమము.

చోటు మాట. ఎర్రచందనమునకు నాలుగు గజముల ఎడమైనను కావలెను. ఎండ నిండుగా కావలెను. నీరు నిలువని నేల కావలెను. రేగడిలో వానకాలము నీరు నిలిచిన వేరు కుళ్లును. తంగేడునకు గోడవార గజమెడము చాలును.

పశువుల మాట. కంచె లేని పల్లెలో ఇదియే అసలు పరీక్ష. తంగేడును పశువులు సాధారణముగా ముట్టవు. ఎర్రచందనపు లేతమొక్కను మొదటి సంవత్సరములలో కాపాడుకొనవలెను.

ఇన్ని విధముల తంగేడునకే మొగ్గు కనబడుచున్నను, పొద యనిన చులకనభావము జనులలో నున్నది. పొదలను కొట్టివేసి చెట్లు నాటుటయే అభివృద్ధి యనుకొందురు. ఈ భావము ఎంత పొరపాటో కడప జిల్లాలోని లంకమల చెప్పుచున్నది. 1900 తరువాత కనబడక, అంతరించినదని యెంచబడిన కలివికోడి అను పక్షి 1986లో అచ్చటనే, స్థానికుల సహాయమున, మరల దొరికినది. అది దట్టమైన అడవిలో నుండలేదు. విడివిడిగా పొదలును, నడుమ నడుమ ఖాళీ నేలయు గల చిట్టడవిలో నున్నది. ఆ పొదలను పనికిరానివని కొట్టివేసియున్నచో ఆ పక్షి మరల ఎవరికిని కనబడకపోయెడిది.

కావున చేయవలసిన పని యిది. స్థలము చిన్నదైనచో, నీరు కొరతయైనచో, తంగేడు ఒక్కటే నాటవలెను. ముదిరిన కాయలనుండి గింజలు తీసి, గరుకురాతిపై మెల్లగా రాచి, ఒక రాత్రి నీటిలో నానబెట్టవలెను. గింజల పైపెచ్చు గట్టిది గనుక ఈ శ్రమ తప్పదు. తొలకరి పడగానే గోడవెంబడి విత్తవలెను. మొదటి వేసవి వారమునకొకసారి తడి యిచ్చిన చాలును. పూత తగ్గిన వెనుక కొమ్మలు కత్తిరించిన మరల గుబురుగా చిగిర్చును.

స్థలము విశాలమై, ఎర్రనేలయై, కాపాడు మనుష్యులున్నచో, వెనుకవైపు ఒక మూల ఒకటి రెండు ఎర్రచందనములు కూడ నాటవచ్చును. మొక్కను విత్తనమునుండి పెంచుట కష్టము, మొలక తక్కువ. నర్సరీనుండి ఏడాది మొక్కను తెచ్చుకొనుట సులువు. అయితే దానిని ధనముగా గాక, ఈ కొండల సొత్తును పిల్లలకు చూపుటకు నిలిపిన గురుతుగా నెంచవలెను. అడవిలోని చెట్టును చూడబోయిన పిల్లవానికి దూరమునుండి కొండ మాత్రమే కనబడును. గ్రంథాలయపు మూల నున్న చెట్టు బెరడును అతడు చేతితో తడవి చూడగలడు.

ఈ గ్రంథాలయపు కార్యకర్తలు నేడు గోడవార తంగేడును విత్తి, మొదటి వేసవి నీటి బాధ్యతను పేరుపేరున పంచుకొందురుగాక. రెండు మూడేండ్లలో ఆ పూలను ఇచ్చటి పాఠకులే చూతురు. మూలనున్న ఎర్రచందనము సంగతి స్వర్ణోత్సవము చేయువారు చూచుకొందురు.