పిల్లల యాటలకు పచ్చని బయలు

గ్రామపెద్దలారా! నేఁడు నేను మనవి చేయఁబూనినది పిల్లల యాటలను గుఱించి. ఆటలకు ఉపన్యాసమెందుకని మీలో కొందఱు నవ్వవచ్చును. ఆటకు చోటున్నంతవఱకు అది నవ్వులాటయే. చోటు పోయిన పిమ్మట అది గ్రామమునకు కష్టమగును.

పూర్వము మన పల్లెలలో క్రీడాస్థలమని వేఱుగా నెవరును ఏర్పఱుపలేదు. చెఱువుగట్టు, మందబయలు, రచ్చబండ మీఁది మఱ్ఱినీడ, ఊరి తోపు, ఇవియే క్రీడాస్థలములు. కోతికొమ్మచ్చికి చింతచెట్టు, గోలీలకు మెత్తని మన్ను, తొక్కుడుబిళ్ళకు గీఁత నిలుచు నేల, దాగుడుమూతలకు పొదలు ఉండెడివి. చెట్టెక్కు పిల్లవాఁడు ఏ కొమ్మ తన బరువు నోర్చునో చేతితో తడవి తెలిసికొనును. పడి లేచుట, ఓడి మరల ఆడుట, తగవు వచ్చిన తామే తీర్చుకొనుట పలకమీఁద వ్రాసి నేర్పరాని పాఠములు.

ఇప్పుడు అనేక గ్రామములలో తోపులు నఱకఁబడినవి, బయళ్ళు ఇండ్లస్థలములైనవి, బడి యావరణములు సిమెంటు పఱచుకొన్నవి. పిల్లవాఁడు సెల్‌ఫోను విడువఁడని నిందించుటకు ముందు, విడిచిన వాఁడెక్కడికి పోవలయునో మనము చెప్పవలదా?

ఆట దయాధర్మము కాదు. 1989లో ఐక్యరాజ్యసమితి యామోదించిన బాలల హక్కుల యొడంబడికలో 31వ అధికరణము దానిని హక్కుగా పేర్కొన్నది. భారతదేశము 1992లో దానికి సమ్మతించినది. 2009 నాఁటి విద్యాహక్కు చట్టము పాఠశాలకు ఆటస్థలము ఉండవలెనని విధించినది. 2011లో జగ్‌పాల్ సింగు వ్యాజ్యమున సుప్రీంకోర్టు, గ్రామముల యుమ్మడి భూములలోని యాక్రమణలను తొలగించు ఏర్పాట్లు చేయుఁడని రాష్ట్రముల నాజ్ఞాపించినది.

ఆరోగ్యము సంగతి వినుఁడు. 5 మొదలు 17 ఏండ్ల వయసువారు దినమునకు సగటున 60 నిమిషములైన ఒడలు శ్రమించునట్లు కదలవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. పగటి వెలుతురున బయట గడపు పిల్లలకు హ్రస్వదృష్టి వచ్చుట తక్కువయని నేత్రవైద్యులు గుర్తించిరి. 2020లో ప్రకటింపఁబడిన ఫిన్లాండు దేశపు పరిశోధన యొకటి కలదు. పసిపిల్లల సంరక్షణశాలల యావరణములలో అడవి మన్నును, పచ్చికను పఱచి, 28 దినములు వారి నాడనిచ్చిరి. వారి చర్మముమీఁది సూక్ష్మజీవుల వైవిధ్యము హెచ్చినది. రోగనిరోధక శక్తి సక్రమముగా నడచు సూచనలు రక్తమున కనఁబడినవి. అంతమాత్రమున మురుగు మేలని కాదు. మురుగు మురుగే, మన్ను మన్నే.

తెలంగాణమున 2020లో పల్లె ప్రకృతివనములను, 2022లో క్రీడాప్రాంగణములను నెలకొల్పు పని మొదలైనది. మంచిదే. కాని వనమున మొక్కలను తాఁకరాదని పిల్లలను గద్దించినచో, అది చూచుటకేగాని ఆడుటకు గాదు. ప్రాంగణమున గీచిన గీఁతలు పెద్దపిల్లలవి. ఐదాఱేండ్ల పసివాఁడును, ఆడుపిల్లయు అంచున నిలువఁబడి చూచుచుందురు. వీరిద్దఱికొఱకే నేనడుగుచున్నాను.

దీనికి ధనము మిక్కిలి యక్కఱలేదు. వనములోనో, బడి ప్రక్కనో ఒక మూల విడువుఁడు. నీడకు వేప, కానుగ, చింత నాటుఁడు. ఎక్కుటకు మునగ పనికిరాదు. దాని కొమ్మ నమ్మరానిది. ఒక మట్టిదిబ్బ పోయించుఁడు. గాలికి కూలిన మ్రాను దొరకిన ముక్కలు కోయించి పడవేయించుఁడు. దూఁకుచోట అడుగులోతు ఇసుక పోయించుఁడు. చుట్టును గోరింట కంచె నాటిన, అది కంచెయు నగును, ఆడుపిల్లల చేతులకు ఎఱ్ఱదనము నగును. పచ్చగన్నేరు, ఉమ్మెత్త, గురివింద విషములు కాఁబట్టి వానిని తీసివేయించుఁడు. సర్కారుతుమ్మ ముండ్లు ఉండరాదు.

పిల్లలు పడుదురే యందురా? అపాయములు రెండు విధములు. చెట్టుకొమ్మ యెత్తు పిల్లవానికి కనఁబడును. వాఁడు దానిని కొలిచి అడుగిడును. పాడునూయి, తెగి వ్రేలాడు విద్యుత్తీఁగ, చెఱువులోని లోఁతు వానికి తెలియవు. రెండవదానిని తొలగించుట పెద్దల ధర్మము. మొదటిదానిని వానికి విడుచుటయు పెద్దల ధర్మమే. వేపచెట్టు క్రింద ఒక అరుగు కట్టించి సాయంకాలమున మనలో ఒకరు కూర్చుండిన చాలును. చూడవలెను, ప్రతి మాటకును అడ్డుపడరాదు.

వచ్చు గ్రామసభలో ఆ మూల సర్వే నెంబరును, కొలతలను తీర్మానములో వ్రాయించుఁడు. నోటిమాటగా విడిచిన భూమి మన కన్నులయెదుటనే చేతులు మాఱును. పొలములకు హద్దుఱాళ్ళు పాతించినారు. పిల్లల యాటకును నాలుగు ఱాళ్ళు పాతింపుఁడు. ఓటులేని వారి పక్షమున మాటాడవలసినవారు మీరే.