కొత్త వ్యాపారానికి ముందు బోర్డును చూసుకుందాం



ఈ మధ్య మనవాళ్లు నలుగురు కూడితే ఒకే మాట: చీర ఒక్కటే నమ్ముకుంటే చాలదు, ఇంకేదైనా చేయాలి. నిజమే. మనకు ఒకపక్క ధర్మవరం, ఇంకోపక్క మదనపల్లె నీరుగట్టువారిపల్లె. రెండూ పట్టుచీరలకు పేరుపడ్డ ఊళ్లే. అందుకే కొందరు డ్రెస్ మెటీరియల్ అంటున్నారు, కొందరు ఆన్‌లైన్ అమ్మకం అంటున్నారు, అద్దకం మనమే పెట్టుకుందాం అనేవాళ్లూ ఉన్నారు.

ఏ వ్యాపారం పెడదాం అనేదానికి ముందు ఇంకో ప్రశ్న ఉంది. దాన్ని తీర్మానించే బోర్డులో ఎవరున్నారు? నష్టం వస్తే పోయేది మనందరి వాటా ధనం కాబట్టి ఈ ప్రశ్న అడగాలి.

హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ సంగతి మీలో చాలామందికి గుర్తుంటుంది. 2008 డిసెంబర్ 16న ఆ కంపెనీ బోర్డు ఒక తీర్మానం చేసింది. కంప్యూటర్ పని చేసే కంపెనీ డబ్బుతో, సుమారు 160 కోట్ల డాలర్లు పెట్టి, భూములు, కట్టడాల వ్యాపారం చేసే రెండు మేటాస్ కంపెనీలను కొనాలని. ఆ మేటాస్ ఎవరివి? సత్యం ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానివే. బోర్డులో చదువుకున్నవాళ్లకు కొదవ లేదు. హార్వర్డ్ ప్రొఫెసర్ ఉన్నారు, ఐఎస్‌బీ డీన్ ఉన్నారు, కేంద్రంలో పెద్ద పదవి చేసిన అధికారి ఉన్నారు. సమావేశంలో సందేహాలు లేవకపోలేదు. అయినా చివరికి అందరూ సరే అన్నారు.

వాటాదారులు మాత్రం ఊరుకోలేదు. న్యూయార్క్‌లో షేరు ధర సగానికి పైగా పడిపోయింది. గంటల్లోనే తీర్మానం వెనక్కి పోయింది. 2009 జనవరి 7న రాజుగారే లెక్కలు తప్పని రాసి ఒప్పుకున్నారు. లేని ఆస్తుల చోట ఉన్న ఆస్తులు చూపించడానికి మేటాస్ కొనుగోలు ఆఖరి ప్రయత్నమని కూడా రాశారు.

తర్వాత కేంద్ర ప్రభుత్వం పాత బోర్డును తీసేసి ముందుగా ముగ్గురిని వేసింది. ఆర్థిక వ్యవహారాలు తెలిసిన దీపక్ పరేఖ్, ఐటీ రంగం తెలిసిన కిరణ్ కర్ణిక్, చట్టం తెలిసిన సి. అచ్యుతన్. ఆ గండానికి ఏ అనుభవం కావాలో చూసి మనుషుల్ని ఎంచారు. ఆ బోర్డు చేతుల మీదుగా 2009 ఏప్రిల్‌లో కంపెనీ టెక్ మహీంద్రాకు చేరింది, పని నిలిచింది.

మనకు దీంతో ఏం పని అంటారా? బోర్డులో పెద్ద పేర్లుంటే చాలదు. చేయబోయే పని తెలిసినవాళ్లుండాలి, వద్దు అనగలిగే ధైర్యం కూడా వాళ్లకుండాలి.

మన సంఘాల్లో డైరెక్టర్లు ఎక్కువగా మగ్గం, నూలు, బ్యాంకు అప్పు తెలిసిన పెద్దలు. చీరల పనికి వాళ్ల అనుభవం చాలా గొప్పది. కానీ డ్రెస్ మెటీరియల్‌లో ఏ రంగు పోతుందో, ఫోన్‌లో సరుకు ఎలా అమ్మాలో బెంగళూరులో పనిచేసే మన పిల్లలకు బాగా తెలుసు. ఇక ఆడవాళ్ల మాట. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలోని 35.22 లక్షల చేనేత కార్మికుల్లో 70 శాతానికి పైగా మహిళలే. కండెలు చుట్టేది, ఆసు పోసేది, నేసేది వాళ్లయితే, కొత్త పని భారం ఎవరి మీద పడుతుందో బోర్డులో చెప్పాల్సింది కూడా వాళ్లే.

చట్టంలో దారి ఉంది. ఉత్పత్తిదారుల కంపెనీ పెట్టుకుంటే 5 నుంచి 15 మంది డైరెక్టర్లు ఉండొచ్చు. అందులో ఐదో వంతు మించకుండా నిపుణుల్ని బయటినుంచి తీసుకోవచ్చు. పదిమంది బోర్డయితే ఇద్దరన్నమాట.

కాబట్టి కొత్త వ్యాపారం తీర్మానం వచ్చినప్పుడు సర్వసభ్య సమావేశంలో మూడు ప్రశ్నలు అడగండి. ఈ పని తెలిసినవాళ్లు బోర్డులో ఎవరు? దీనివల్ల ఏ డైరెక్టరు ఇంటికైనా సొంత లాభం ఉందా? నష్టం వస్తే ఎంతవరకు భరించి ఆపేస్తాం? జవాబులు మినిట్స్ పుస్తకంలో రాయించండి. అడిగినవాళ్లను సంఘానికి అడ్డుపడేవాళ్లుగా చూడొద్దని పెద్దలకు మా మనవి.